లినక్స్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఫార్మాట్ కొట్టకండి, ఇలా తెరవండి

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ నొక్కబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. పాస్‌వర్డ్ గుర్తులేకపోవడం వేరు, డేటా పోవడం వేరు. తాళంచెవి కనపడలేదని ఎవరూ ఇల్లు పడగొట్టుకోరు, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనలో చాలామంది అదే పని చేస్తున్నాం. రెండేళ్ల కిందట నాతో పనిచేసిన ఒకావిడ ఇలాగే లాకైపోయిన లాప్‌టాప్‌ని ఒక రిపేరు షాపులో ఇస్తే, వాళ్లు ఒక్క మాటైనా అడక్కుండా డిస్క్ మొత్తం తుడిచేసి, కొత్తగా ఓఎస్ వేసి సాయంత్రానికి చేతిలో పెట్టారు. వాళ్ల నాన్నగారు పోయే ముందు ఏడాది తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పది నిమిషాల పని తెలియక అంత నష్టం జరిగింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా, ఎంత రాత్రైనా, ఫోన్‌లోనే దగ్గరుండి ఈ పని చేయిస్తున్నాను.

మొన్న కూడా అంతే. బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉండే మా పిన్ని కొడుకు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు. "అన్నా, పండక్కి ఊరెళ్లే ముందు పాస్‌వర్డ్ మార్చినా, ఇప్పుడు గుర్తు రావట్లేదు. పొద్దున్నే ఇంటర్వ్యూ, ప్రాజెక్ట్ అంతా దాంట్లోనే ఉంది. రూమ్మేట్ ఫార్మాట్ కొట్టేయమంటున్నాడు." గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "ఏమీ కొట్టొద్దురా, చార్జర్ పెట్టుకుని కూర్చో" అన్నాను. పన్నెండు కాకముందే తెరుచుకుంది. ఆ రాత్రి వాడికి చెప్పినవీ, వేరేవాళ్లకు వేరే సందర్భాల్లో చెప్పాల్సి వచ్చినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

కమాండ్‌లను కూడా ఫోన్‌లో చెప్పినట్టే అక్షరం అక్షరం పలికి రాస్తాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట నేనే చెప్తాను. స్పేస్ అంటే స్పేస్ బార్ ఒక్కసారి. స్లాష్ అంటే ప్రశ్న గుర్తు ఉండే కీ. హైఫన్ అంటే సున్నా పక్కన ఉండే అడ్డగీత. మౌంట్, రీమౌంట్ లాంటి అందరికీ తెలిసిన మాటల్ని మాత్రం విడగొట్టను.

మొదలుపెట్టే ముందు ఒక మాట, ఇది నిజంగా ముఖ్యం. ఇదంతా మీ సొంత మెషిన్ కోసమే, లేదా మిమ్మల్ని అడిగి కూర్చోబెట్టిన వాళ్ల మెషిన్ కోసం. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగి ఐటీ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టండి. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్ల కిందకి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొంటే పాత ఓనర్ అకౌంట్ అలాగే ఉందనుకోండి, అప్పుడు మాత్రం తెరవడం కాదు, మొత్తం తుడిచి కొత్తగా వేసుకోవడమే పద్ధతి. ఆ ఫైళ్లు మీవి కావు.

అసలు లాకైంది ఏది?

ఈ ప్రశ్న వేసుకోకుండా పని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. ఫోన్ చేసిన వాళ్లలో కొందరి పాస్‌వర్డ్ నిజానికి సరైనదే.

ముందు కీబోర్డు చూడండి. తెలుగో కన్నడో టైప్ చేయడానికి లేఅవుట్ కలిపి ఉంటే, లాగిన్ స్క్రీన్‌లో కూడా అదే ఎంచుకుని ఉండొచ్చు. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలుగు అక్షరాలు పడుతున్నా మీకు తెలియదు. పై మూలలో భాష గుర్తు ఉంటుంది, దాన్ని ఇంగ్లీషుకు మార్చండి. క్యాప్స్ లాక్, నమ్ లాక్ కూడా చూసుకోండి. ఇంకా అనుమానంగా ఉంటే నాట్ లిస్టెడ్ అన్నది నొక్కి, యూజర్ పేరు అడిగే పెట్టెలో మీ పాస్‌వర్డ్ టైప్ చేసి కంటితో చూసుకోండి. అక్కడ అక్షరాలు కనిపిస్తాయి. చూశాక చెరిపేయండి, ఎంటర్ మాత్రం నొక్కకండి, నొక్కితే ఆ పాస్‌వర్డ్ లాగ్ ఫైల్‌లో యూజర్ పేరుగా నమోదైపోవచ్చు.

ఆర్చ్ లాంటి కొన్ని డిస్ట్రోల్లో, అంటే లినక్స్ రకాల్లో, మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ పది నిమిషాలు మూసుకుపోతుంది. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పనే అంటుంది. టెన్షన్‌లో మళ్లీ మళ్లీ కొడుతూ ఉంటే అది తెరుచుకోదు. లేచి వెళ్లి టీ తాగి వచ్చి ఒక్కసారే నిదానంగా కొట్టండి.

పాస్‌వర్డ్ కొట్టగానే స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంటే అది పాస్‌వర్డ్ గొడవ కాదు. చాలాసార్లు డిస్క్ నిండిపోయి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడుగుతుంది, అక్కడ మీ పాస్‌వర్డ్‌తోనే వెళ్లగలుగుతారు. వెళ్లాక డి ఎఫ్, స్పేస్, హైఫన్ హెచ్ అని కొడితే ఏ డిస్క్ ఎంత నిండిందో చూపిస్తుంది. నూరు శాతం కనిపిస్తే డౌన్‌లోడ్స్‌లో పెద్ద ఫైళ్లు నాలుగు తీసేసి రీస్టార్ట్ చేయండి, అంతే.

లాగిన్ అవుతోంది కానీ సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపించేది) మాత్రం మీరు సుడోయర్స్ ఫైల్‌లో లేరంటోందా? దాని సంగతి కింద వేరేగా చెప్తాను. కంప్యూటర్ ఆన్ చేయగానే, లాగిన్ స్క్రీన్ కంటే ముందే, డిస్క్ పాస్‌ఫ్రేజ్ అడిగి ఆగిపోతోందా? అది ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకే వేసిన తాళం, దానిదీ వేరే కథ. ఇవేవీ కాకపోతే మీరు నిజంగానే పాస్‌వర్డ్ మర్చిపోయారు. రండి.

పాతది చూడలేం, కొత్తది పెడతాం

పాత పాస్‌వర్డ్ ఎక్కడుందో చూపించమని చాలామంది అడుగుతారు. అది కంప్యూటర్‌లో ఉండదు. స్లాష్ ఇ టి సి లోపల షాడో అనే ఫైల్ ఉంటుంది, అందులో మీ పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన హాష్ మాత్రమే ఉంటుంది, దాన్నుంచి వెనక్కి వెళ్లే దారి లేదు. యూనిక్స్‌లో ఈ పద్ధతి గురించి రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే వివరంగా రాశారు, ఇప్పటి ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో వాడేది యెస్‌క్రిప్ట్ అనే ఇంకా గట్టి రకం. కాబట్టి మనం చేసేదల్లా రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, లోపలికి వెళ్లి పాత హాష్ స్థానంలో కొత్తది రాయడం.

రూట్‌గా ఎలా వెళ్తాం? మెషిన్ ఆన్ అయినప్పుడు ముందు గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్ లేస్తుంది, అది ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్‌ని లేపుతుంది, కెర్నల్ మొదటి ప్రోగ్రామ్‌ని రూట్ అధికారంతో మొదలుపెడుతుంది. పాస్‌వర్డ్ అడిగే వ్యవస్థ అంతా ఆ మొదటి ప్రోగ్రామ్ తర్వాతే వస్తుంది. అంటే కెర్నల్‌కి గ్రబ్ దగ్గరే ఒక మాట చెప్పి, ఆ మొదటి ప్రోగ్రామ్ స్థానంలో మనకు కావలసినది నడిపించుకుంటే, పాస్‌వర్డ్ అడిగేవాళ్లే ఉండరు.

గ్రబ్ మెనూ పట్టుకోవడం

వినడానికి చిన్న విషయమే, చాలామంది ఆగిపోయేది మాత్రం ఇక్కడే. విండోస్‌తో పాటు ఉబుంటు ఉంటే మెనూ దానంతట అదే వస్తుంది. ఉబుంటు ఒక్కటే ఉంటే మెనూ దాక్కుని ఉంటుంది. కొత్త లాప్‌టాప్‌లలో, అంటే యూఈఎఫ్‌ఐ ఉన్నవాటిలో, కంపెనీ లోగో కనిపించి పోతుండగా ఎస్కేప్ కీ నొక్కాలి. పాత బయాస్ మెషిన్లలో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోవాలి. ఎస్కేప్‌ని కంగారుగా పది సార్లు నొక్కితే మెనూ దాటిపోయి గ్రబ్ అని రాసి ఉన్న ఖాళీ నల్ల స్క్రీన్‌లో పడతారు. మా వాడు మూడుసార్లు అక్కడే పడ్డాడు, నాలుగోసారి లోగో పోగానే ఒక్కసారి నొక్కమంటే మెనూ వచ్చింది. మీరూ అక్కడ పడితే భయం లేదు, రీబూట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

రికవరీ మోడ్

ఉబుంటు, మింట్ వాళ్లకు ఇది తేలిక దారి. మెనూలో రెండో వరుసలో ఉండే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. కెర్నల్ వెర్షన్లు వరుసగా కనిపిస్తాయి, పైన ఉన్నదాని కిందనే చివర్లో రికవరీ మోడ్ అని రాసి ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. అక్షరాలు గబగబా పరుగెత్తి, ఆగాక ఊదారంగు పెట్టెలాంటి మెనూ వస్తుంది. అందులో రూట్ అని ఉన్నదాని మీదికి వెళ్లి ఎంటర్ కొట్టండి, మళ్లీ ఒకసారి ఎంటర్ అడుగుతుంది, కొట్టండి. కింద రూట్ అని మొదలై హాష్ గుర్తుతో (3 అంకె కీ మీద ఉండేది) ముగిసే వరుస కనిపిస్తే మీరు లోపల ఉన్నట్టు.

ఈ దశలో డిస్క్ చాలాసార్లు చదవడానికే తెరుచుకుని ఉంటుంది, రాయనివ్వదు. అందుకని ముందు ఇది కొట్టండి: మౌంట్, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, రీమౌంట్, కామా, ఆర్ డబ్ల్యూ, స్పేస్, స్లాష్. కామాకి అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు. ఏమీ మాట్లాడకుండా తర్వాతి వరుస వస్తే పని జరిగినట్టే. లినక్స్ బాగున్నప్పుడు మాట్లాడదు.

మీ యూజర్ పేరు సరిగ్గా ఏమిటో గుర్తులేదా? ఎల్ ఎస్, స్పేస్, స్లాష్ హోమ్ అని కొట్టండి, అక్కడ కనిపించే పేరే. ఇప్పుడు అసలు కమాండ్: పి ఏ ఎస్ ఎస్ డబ్ల్యూ డి, స్పేస్, మీ యూజర్ పేరు. పాస్‌వర్డ్ అనే మాటలోని ఓ, ఆర్ రెండూ ఉండవు, చూసుకోండి. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద చుక్క కూడా కనిపించదు, కీబోర్డు పాడైందని అనుకోకండి, అది పద్ధతే. ఇప్పటికి అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న పాస్‌వర్డ్ పెట్టుకోండి, గుర్తులు పెడితే లేఅవుట్ తేడాతో మళ్లీ ఇరుక్కుంటారు. బలమైనది లోపలికి వెళ్లాక మార్చుకోవచ్చు. అప్‌డేటెడ్ సక్సెస్‌ఫుల్లీ అని వస్తే రీబూట్ కొట్టండి.

అథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్ అని వచ్చిందంటే కంగారు పడొద్దు. పేరు పెద్దదే కానీ దాదాపు ప్రతిసారీ అర్థం ఒకటే: ఆ రీమౌంట్ కమాండ్ మీరు వేయలేదు, లేదా తప్పు వేశారు.

రికవరీ మోడే పాస్‌వర్డ్ అడిగితే

ఎప్పుడో రూట్‌కి వేరే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే రికవరీలో అదే అడుగుతుంది. డెబియన్‌లో రూట్ అకౌంట్ మూసి ఉంటే, మూసి ఉంది కాబట్టి రానివ్వను అంటుంది. అప్పుడు గ్రబ్ దగ్గరే మార్చాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే, ఇంచుమించు ఏ లినక్స్‌లోనైనా పనిచేస్తుంది.

గ్రబ్ మెనూలో మొదటి వరుస మీద ఉండి ఇ అనే కీ నొక్కండి. పది పదిహేను వరుసల రాత కనిపిస్తుంది. అందులో లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస వెతకండి, పొడవుగా ఉండి రెండో వరుసలోకి మడత పడి ఉంటుంది. దాని చివరి భాగంలో ఆర్ ఓ, క్వైట్, స్ప్లాష్ అనే మాటలుంటాయి. ఆర్ ఓ ని ఆర్ డబ్ల్యూ చేయండి. దాని తర్వాత ఉన్న క్వైట్, స్ప్లాష్, డాలర్ గుర్తుతో మొదలయ్యే మాట ఉంటే అది కూడా తీసేయండి, ఉంచితే కొన్ని మెషిన్లలో ఉత్త నల్ల స్క్రీనే మిగులుతుంది. ఆ తీసేసిన చోట, ఒక స్పేస్ ఇచ్చి, ఇది రాయండి: ఐ ఎన్ ఐ టి, ఈక్వల్స్ గుర్తు, స్లాష్, బి ఐ ఎన్, స్లాష్, బి ఏ ఎస్ హెచ్. మధ్యలో ఎక్కడా స్పేస్ లేదు. కంట్రోల్ ఎక్స్, లేదా ఎఫ్10. ఈ మార్పు ఈ ఒక్కసారికే, డిస్క్ మీద ఏమీ మారదు, తప్పు కొడితే మళ్లీ ఆన్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

రెండు మూడు సెకన్లలో రూట్ వరుస వస్తుంది. జాబ్ కంట్రోల్ లేదని ఒక హెచ్చరిక కూడా కనిపించొచ్చు, వదిలేయండి. రీమౌంట్ కమాండ్ మళ్లీ వేసినా నష్టం లేదు, నేనైతే ఎప్పుడూ వేయిస్తాను. తర్వాత పాస్‌వర్డ్ మార్చే కమాండ్ పైన చెప్పినట్టే. అయ్యాక ఎస్ వై ఎన్ సి అని కొట్టండి, రాసినదంతా డిస్క్ మీదికి చేరుతుంది. ఇప్పుడు బయటికి రావడంలో ఒక మెలిక ఉంది. ఎగ్జిట్ అని కొట్టకండి. ఇక్కడ మీ బాష్‌యే, అంటే మీ కమాండ్‌లు తీసుకుంటున్న ప్రోగ్రామే, మొదటి ప్రోగ్రామ్, అది ఆగిపోతే కెర్నల్ పానిక్ అని స్క్రీన్ నిండా రాతలు పడతాయి. డేటాకి ఏమీ కాదు కానీ చూసినవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. మామూలు రీబూట్ కూడా ఇక్కడ పనిచేయదు. రీబూట్, స్పేస్, హైఫన్ ఎఫ్ అని కొట్టండి, మళ్లీ ఆన్ అయి మామూలుగా లేస్తుంది.

ఫెడోరా, రెడ్ హ్యాట్ వాడేవాళ్లు

రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు చదివినవాళ్లకు ఇది కంఠతా వచ్చి ఉంటుంది. గ్రబ్‌లో అదే లినక్స్ వరుస చివర ఆర్ డి, చుక్క, బ్రేక్ అని చేర్చి కంట్రోల్ ఎక్స్. వచ్చిన వరుసలో మౌంట్, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, రీమౌంట్, కామా, ఆర్ డబ్ల్యూ, స్పేస్, స్లాష్ ఎస్ వై ఎస్ ఆర్ ఓ ఓ టి. తర్వాత సి హెచ్ ఆర్ ఓ ఓ టి, స్పేస్, స్లాష్ ఎస్ వై ఎస్ ఆర్ ఓ ఓ టి. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చండి. ఇక్కడ మర్చిపోకూడనిది ఒకటుంది: టచ్, స్పేస్, స్లాష్, చుక్క, ఆటోరీలేబెల్, అంతా కలిపి ఒకే మాటగా. ఈ కుటుంబంలో ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఉంటుంది, మనం బయటినుంచి రాసిన షాడో ఫైల్‌కి దాని గుర్తు సరిగ్గా పడదు, పడకపోతే కొత్త పాస్‌వర్డ్ సరైనదైనా లోపలికి రానివ్వదు. ఈ ఫైల్ ఉంటే తర్వాతి బూట్‌లో అన్ని ఫైళ్లకూ గుర్తులు మళ్లీ వేస్తుంది. డిస్క్ పెద్దదైతే చాలాసేపు పడుతుంది, మధ్యలో పవర్ బటన్ నొక్కకండి. చివరికి రెండుసార్లు ఎగ్జిట్. కొన్ని కొత్త వెర్షన్లలో ఈ దారి కూడా రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు పైన చెప్పిన బాష్ పద్ధతే వాడి, రీబూట్ చేసే ముందు ఈ టచ్ కమాండ్ వేయండి.

లాగిన్ ఉంది, సుడో పోయింది

బెంగళూరులో డెవలపర్ల లాప్‌టాప్‌లలో నేను ఎక్కువగా చూసేది ఇదే, కారణం కూడా ఎక్కువగా ఒకటే. డాకర్ వేసుకుని, దాని గ్రూప్‌లో తమని చేర్చుకోవడానికి యూజర్‌మాడ్ కమాండ్ వాడతారు, హైఫన్ తర్వాత చిన్న ఏ పెట్టడం మర్చిపోయి పెద్ద జి ఒక్కటే పెడతారు. చిన్న ఏ అంటే ఉన్నవాటికి తోడు చేర్చమని. అది లేకపోతే పాత గ్రూపులన్నీ తీసేసి ఈ ఒక్కదానిలోనే ఉంచమని అర్థం. సుడో గ్రూప్ అలా ఊడిపోతుంది. లాగౌట్ కాకముందే గమనిస్తే అదృష్టం, అదే టెర్మినల్‌లో సుడో ఇంకా పనిచేసే అవకాశం ఎక్కువ, వెంటనే అక్కడే సరిచేసుకోండి. రీస్టార్ట్ అయిపోతే పైన చెప్పిన ఏదో ఒక దారిలో రూట్‌కి వెళ్లి, రీమౌంట్ చేసి, ఇది కొట్టండి: యు ఎస్ ఇ ఆర్ ఎమ్ ఓ డి, స్పేస్, హైఫన్, చిన్న ఏ, పెద్ద జి, స్పేస్, ఎస్ యు డి ఓ, స్పేస్, మీ యూజర్ పేరు. ఫెడోరా వైపు గ్రూప్ పేరు సుడో కాదు, వీల్: డబ్ల్యూ హెచ్ ఇ ఇ ఎల్.

సుడోయర్స్ ఫైల్‌ని మామూలు ఎడిటర్‌లో తెరిచి తప్పు రాసి సేవ్ చేసినా ఇదే గతి. రూట్‌కి వెళ్లి వి ఐ ఎస్ యు డి ఓ అని కొట్టి ఆ వరుస సరిచేయండి. ఈ ఫైల్‌ని ఎప్పుడూ దీనితోనే తెరవాలి, తప్పుంటే సేవ్ చేసేటప్పుడే ఆపి చెప్తుంది.

మరీ కష్టమైన కేసు, పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని ఎవరో చెప్పిన కమాండ్‌తో డిస్క్ మొత్తానికి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, కొట్టడం. సుడోకి ఉండాల్సిన ప్రత్యేక గుర్తు పోయి, సెట్‌యూఐడీ లేదని అరుస్తుంది. రూట్‌కి వెళ్లి సి హెచ్ ఎమ్ ఓ డి, స్పేస్, 4755, స్పేస్, స్లాష్ యు ఎస్ ఆర్, స్లాష్ బి ఐ ఎన్, స్లాష్ ఎస్ యు డి ఓ అని కొడితే సుడోకి ఆ గుర్తు తిరిగి వస్తుంది, అయినా అది నడవకపోవచ్చు. ఎందుకంటే మిగతా వేల ఫైళ్ల పర్మిషన్లు అలాగే చెడి ఉంటాయి. ఈ ఒక్క సందర్భంలో డేటా కాపీ చేసుకుని, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమనే నేను కూడా చెప్తాను.

గ్రబ్ కూడా లొంగకపోతే

గ్రబ్‌కే పాస్‌వర్డ్ ఉన్నా, మెనూ ఎంతకీ రాకపోయినా, మొదట్లో పక్కన పెట్టమన్న పెన్‌డ్రైవ్ ఇప్పుడు తీయండి. దానితో బూట్ చేసి ఇన్‌స్టాల్ కాదు, ట్రై ఉబుంటు ఎంచుకోండి. అదే మెషిన్‌లో విండోస్ కూడా ఉండి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే, బూట్ సెట్టింగులు ముట్టుకునే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఒక తాళం తీయబోయి ఇంకో తాళం పడేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇందులో రెండు పనులు చేయొచ్చు. మొదటిది, ఫైల్స్ యాప్‌లో మీ పాత డిస్క్ మీద నొక్కి, హోమ్ ఫోల్డర్ తెరిచి, కావలసినవి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కమాండ్‌లు అంటే భయపడేవాళ్లకు ఇది చాలు, ఇక ఏం జరిగినా ఫొటోలు భద్రం. రెండోది పాస్‌వర్డ్ మార్చడం. టెర్మినల్‌లో ఎల్ ఎస్ బి ఎల్ కె అని కొడితే డిస్కులూ వాటి ముక్కలూ సైజులతో కనిపిస్తాయి. మీ లినక్స్ ఉన్న ముక్క పేరు, ఉదాహరణకు ఎన్ వి ఎమ్ ఇ 0 ఎన్ 1 పి 2, చూసుకుని, సుడో, స్పేస్, మౌంట్, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ ఆ పేరు, స్పేస్, స్లాష్ ఎమ్ ఎన్ టి. తర్వాత సుడో, స్పేస్, సి హెచ్ ఆర్ ఓ ఓ టి, స్పేస్, స్లాష్ ఎమ్ ఎన్ టి. ఇక మీరు మీ పాత సిస్టమ్ లోపల రూట్. పాస్‌వర్డ్ మార్చి, ఎగ్జిట్ కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే

పైన చెప్పినవన్నీ చదువుతుంటే మీకొకటి తట్టే ఉంటుంది. ఇంత తేలిగ్గా నేను వెళ్లగలిగితే, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నా బ్యాగ్ కొట్టేసినవాడు కూడా వెళ్లగలడు కదా? అవును, వెళ్లగలడు. లాగిన్ పాస్‌వర్డ్ పక్కవాళ్ల నుంచి కాపాడుతుంది, మెషిన్ చేతికి చిక్కినవాడి నుంచి కాపాడదు. దానికే లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్.

డిస్క్ పాస్‌ఫ్రేజ్ గుర్తుండి లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే పోతే ఏ ఇబ్బందీ లేదు. గ్రబ్‌లో అదే మార్పు చేస్తే మధ్యలో పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, ఇవ్వండి, మిగతాదంతా మామూలే. డిస్క్ పాస్‌ఫ్రేజే పోతే మాత్రం దారి లేదు. ఇది నేను చాలా బాధతో చెప్పాల్సిన మాట, కానీ మెత్తగా చెప్పి ఆశ పెట్టడం తప్పు. డబ్బిస్తే తెరుస్తామనేవాళ్లను నమ్మకండి. మీకే పాత పాస్‌ఫ్రేజ్‌లలో రెండు మూడు అనుమానాలుంటే కాగితం మీద రాసుకుని, పెద్ద అక్షరం, చిన్న అక్షరం మార్పులతో ఒక్కొక్కటే ప్రయత్నించండి. దొరికేది చాలావరకు అలాగే.

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ గురించి కూడా అడుగుతుంటారు. ఎస్‌డీ కార్డు తీసి ఏ కంప్యూటర్‌లో పెట్టినా బూట్ ముక్క కనిపిస్తుంది, అందులో సీఎండీలైన్ అనే టెక్స్ట్ ఫైల్ చివర, అదే వరుసలో, ఒక స్పేస్ ఇచ్చి ఐ ఎన్ ఐ టి ఈక్వల్స్ స్లాష్ బి ఐ ఎన్ స్లాష్ ఎస్ హెచ్ చేర్చి, కార్డు తిరిగి పెట్టి, రీమౌంట్, పాస్‌వర్డ్, సింక్. అయ్యాక చేర్చినది తీసేయండి. 2022 నుంచి వచ్చిన వెర్షన్లలో ముందే ఇచ్చే పై అనే యూజర్ ఉండడు, పాత పాస్‌వర్డ్ కొట్టి టైం వృథా చేసుకోకండి. మ్యాక్ అయితే, ఎమ్ సిరీస్ చిప్ ఉన్నవాటిలో పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆప్షన్స్‌లోకి వెళ్లి, యుటిలిటీస్ మెనూలో టెర్మినల్ తెరిచి రీసెట్‌పాస్‌వర్డ్ అని ఒకే మాటగా కొట్టాలి. ఫైల్‌వాల్ట్ (మ్యాక్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

లోపలికి వచ్చాక

కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వగానే, కీరింగ్ తెరుచుకోలేదు, పాత పాస్‌వర్డ్ ఇవ్వండి అని ఒక పెట్టె పదే పదే వస్తుంది. మా వాడు దీన్ని చూసి మళ్లీ ఫోన్ చేశాడు. వైఫై, బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల తాళాలు దాచే డబ్బా అది, ఇంకా పాత పాస్‌వర్డ్‌తోనే మూసి ఉంది. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్క లోకల్, అందులో షేర్, అందులో కీరింగ్స్, లోపల లాగిన్ అనే కీరింగ్ ఫైల్. దాన్ని డిలీట్ చేయకండి, పేరు మాత్రం మార్చండి. రేపెప్పుడైనా పాత పాస్‌వర్డ్ గుర్తొస్తే ఆ ఫైల్ నుంచి అన్నీ వెనక్కి తెచ్చుకోవచ్చు. లాగౌట్ అయి మళ్లీ వస్తే కొత్త డబ్బా తయారవుతుంది. ఉబుంటు 18.04 కంటే ముందు వెర్షన్‌లో హోమ్ ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫైళ్లు తెరుచుకోవు, అప్పట్లో రాసి పెట్టుకోమన్న పొడవాటి రికవరీ పాస్‌ఫ్రేజ్ వెతకండి.

లేచి వెళ్లే ముందు ఇంకో రెండు పనులున్నాయి. ఇంకో అడ్మిన్ అకౌంట్ చేసుకోండి: సుడో, స్పేస్, ఏ డి డి యు ఎస్ ఇ ఆర్, స్పేస్, మీకు నచ్చిన పేరు. తర్వాత పైన చెప్పిన యూజర్‌మాడ్ కమాండ్‌తో దాన్ని సుడో గ్రూప్‌లో చేర్చండి, చిన్న ఏ మర్చిపోకుండా. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే రెండో పాస్‌ఫ్రేజ్ కూడా చేర్చండి, లక్స్ రెండో వెర్షన్‌లో 32 వరకు పెట్టుకునే చోటుంది: సుడో, స్పేస్, సి ఆర్ వై పి టి ఎస్ ఇ టి యు పి, స్పేస్, ఎల్ యు కె ఎస్, వెంటనే పెద్ద ఏ తో యాడ్, పెద్ద కె తో కీ, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్ మీ డిస్క్ ముక్క పేరు. దాన్ని కాగితం మీద రాసి, లాప్‌టాప్ బ్యాగ్‌లో కాదు, ఊళ్లో అమ్మ దగ్గర బీరువాలో పెట్టించండి. తర్వాత ఆ రెండో అకౌంట్‌తో ఒకసారి లాగిన్ అయి, సుడో నడుస్తోందో లేదో చూసుకుని, అప్పుడు పడుకోండి.